బరువు ఏ కాలి మీద ఉంది

ఇప్పుడు కర్ర పట్టుకొని మా గల్లీ మొదట్లో ఉన్న చాయ్ హోటల్ దాకా వెళ్లి, కాసేపు కూర్చొని, మళ్లీ ఇంటికి రాగలుగుతున్నాను. చూసేవాళ్లకు ఇది పెద్ద సంగతి కాదు. "మంచిగైనవ్ సాయిలూ" అని భుజం తట్టి పోతారు. వాళ్లు తట్టినప్పుడు నేను తూలిపోకుండా గోడ పట్టుకుంటానని ఎవరూ గమనించరు.

మొన్న ఆ హోటల్లో ఒక మేస్త్రీ నడుము పట్టుకొని కూర్చున్నాడు. నెలల తరబడి నొప్పి ఉందని, సాయంత్రం కాగానే ఒళ్లు వెచ్చబడుతోందని, పని నొప్పే కదా తగ్గిపోతుందని పక్కవాడితో అంటున్నాడు. నేను గ్లాసు బల్ల మీద పెట్టేశాను. "పని నొప్పని ఎవడు చెప్పిండు నీకు? ఎక్స్‌రే ఫొటో తీయించినవా?" అని గట్టిగా అడిగేశాను. ముక్కూమొహం తెలియనివాడు అలా మీద పడితే ఎవరికైనా కోపం వస్తుంది. చాయ్ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. అతనికి చెప్పలేకపోయింది కాగితం మీద పెడదామని ఇంటికి వచ్చి కూర్చున్నాను. కొంత నా కోసం కూడా. జరిగింది ఒక వరసలో పెట్టుకోలేదు కాబట్టేమో, నాకు ఇంకా కలలో కాళ్లు పడిపోతూనే ఉన్నాయి.

*

వానలకు ముందు

నేను నిజామాబాద్‌లో బొమ్మలు వేసి బతికేవాణ్ని. మొదట్లో దుకాణాల బోర్డులు రాసేవాణ్ని. ఫ్లెక్సీలు వచ్చి ఆ పనిని మింగేశాయి. మిగిలింది పోయినవాళ్ల పటాలు. ఇంట్లో పెద్దదిక్కు పోతే దినాల నాటికి పటం కావాలని ఏదో ఒక ఫొటో పట్టుకొచ్చేవాళ్లు. పెళ్లి ఫొటోలో ఎక్కడో వెనక వరసలో ఉన్న మొహం, రేషన్ కార్డు మీద సగం చెరిగిపోయిన మొహం. ఫొటో మీద గళ్లు కొట్టి, పెద్ద కాగితం మీద గళ్లు కొట్టి, ఒక్కో గడినీ దించేవాణ్ని. బొమ్మ ఛాతీ దగ్గర ఆగిపోతుంది. దండ పడేది అక్కడిదాకానే.

ఆ పనికి ఒక మర్యాద ఉంది. ఒరిగిన మెడను నిలబెట్టాలి. జారిన భుజాన్ని లేపాలి. పక్షవాతంతో మూతి పక్కకు పోయిన మనిషినైనా పటంలో చక్కగా చూపించాలి. "మా బాపును జర నిమ్మలంగ కూసోవెట్టు సాయన్నా" అని అడిగేవాళ్లు. పాతికేళ్లు అదే చేశాను. ఎక్కడ వంకర కనిపించినా నా చేయి నన్ను అడగకుండానే దాన్ని సరిచేసేది. మంచి పనివాణ్నని పేరు కూడా వచ్చింది.

అలాంటి నన్ను మోస్రా దగ్గర ఒక బడివాళ్లు పిలిచి, గోడ మీద చెరుకు కొట్టేవాళ్ల బొమ్మలు వేయమన్నారు. నిలువెత్తు మనుషులు. నాకు మొహాలు వచ్చు, ఒళ్లు రాదు. కాళ్లయితే అసలే రావు. రాదని చెప్పుకునే రకాన్ని కాదు కాబట్టి తెలివి ఉపయోగించాను. అందరికీ నడుము కింద చెరుకు ఆకులు గుబురుగా పెట్టేశాను. పైన తలపాగాలు, మీసాలు, కొడవళ్లు బ్రహ్మాండంగా కుదిరాయి.

అప్పుడే ఒక పెద్దాయన స్కూటర్ ఆపి, చేతులు వెనక్కి కట్టుకొని ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డారు. వెంకట్రావు మాస్టారు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి, వర్ని దగ్గర అలా వచ్చినవాళ్లు కట్టుకున్న క్యాంపులో కాలువ కింద వరి చేసుకుంటున్న కుటుంబం. ఆయన మాత్రం డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు.

"చెరుకు బాగా వేశారండీ" అన్నారు. "మనుషుల్ని ఎప్పుడు వేస్తారు?"

నాకు ఒళ్లు మండింది. బ్రష్ డబ్బాలో పడేసి, "నీకొస్తే నువ్వే వెయ్యి సార్" అన్నాను. ఆయన నవ్వి, నేల మీద పడి ఉన్న బొగ్గు ముక్క తీసుకొని గోడ చివర నాలుగు గీతలు గీశారు. మొహం లేదు, వేళ్లు లేవు. అయినా ఒక మనిషి మోపు ఎత్తుకోబోతున్నాడని తెలిసిపోయింది. నడుము దగ్గర ఊపిరి బిగపట్టిన సంగతి కూడా తెలిసింది. నేను ఆ రోజంతా ఇంకేమీ వేయలేకపోయాను. సాయంత్రం ఆయన ఇల్లు అడుగుతూ వెళ్లి, నేర్పమని అడిగాను.

ఆదివారాలు బోధన్ బస్టాండులో కూర్చునేవాళ్లం. అక్కడ మనుషులు ఊరికే నిలబడి దొరుకుతారు. మాస్టారు పెట్టిన మొదటి షరతు, మొహం వేయకూడదు.

"మొహం మీకు వచ్చేసిందండీ, అదే చిక్కు. కళ్లూ ముక్కూ వదిలేయండి. ముందు బరువు ఏ కాలి మీద ఉందో చూడండి. తల దగ్గర మొదలెట్టి ఆ మడమ దాకా ఒకే గీత. మిగతావన్నీ దాని తర్వాత."

దాన్ని ఆయన జెస్చర్ అనేవారు. మనిషిని కాదు, మనిషి చేస్తున్న పనిని పట్టుకోవడం. నేను గడ్డం దగ్గరికి వచ్చేసరికి ఆ మనిషి బస్సెక్కి వెళ్లిపోయేవాడు. మాస్టారు కడుపుబ్బ నవ్వేవారు. కొన్ని ఆదివారాలు పోయాక గీత కొద్దికొద్దిగా దొరకసాగింది. సంచీ మోసే ఆడమనిషి నడుము ఎటు విసురుతుందో, నిద్రపోయే ముసలాయన తల ఎక్కడ వాలుతుందో కనిపించసాగింది.

ఆ తర్వాత రెండో పాఠం, కట్టడం. ఛాతీ ఒక గుమ్మడికాయ, నడుము కింద ఒక డబ్బా, కాళ్లూ చేతులూ గొట్టాలు. వాటిని ఒకదాని మీద ఒకటి ఒరగబెట్టి మనిషిని కట్టాలి. "గీత చూసి వేసేది. డబ్బాలు తెలిసి వేసేవి" అనేవారు మాస్టారు. "డబ్బాలు పట్టుబడితే ఎదురుగా లేని మనిషిని కూడా నిలబెట్టొచ్చు."

ఇంటి దగ్గర నాకు దొరికే మనిషి నా భార్య గంగామణి. పొద్దంతా ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతుంది. తునికాకు చుట్టేటప్పుడు ఆమె వీపులో వంపు మెడ నుంచి మొదలై ఎడమ మోకాలి దగ్గర దిగుతుంది. "ఊకె సూడకు. నా చెయ్యి ఆగుతున్నది" అని విసుక్కునేది. నేను గీసింది చూపిస్తే, "గిది నేనా? మొకం లేదు, ఏం లేదు. దయ్యమనుకుంటరు" అనేది.

ఒక ఆదివారం అకాల వాన పడి బస్టాండు ఖాళీగా ఉంది. మాస్టారు నన్నే స్తంభం పక్కన నిలబెట్టి గీశారు. చూస్తే, తల నుంచి దిగిన గీత కుడి మడమ మీదికి వంగి పడింది. ఎడమ కాలు పక్కన వేలాడుతోంది.

"ఎడమ కాలు నేలను తాకుతోంది గానీ నిలబడటం లేదండీ. దెబ్బేమైనా తగిలిందా?"

"నిచ్చెన మీద నిలవడి నిలవడి అట్లయింది సార్" అన్నాను. ఆయన చేతిలో బొగ్గు తీసుకొని, నా గీతను నేనే నిటారుగా దిద్దాను. రెండు కాళ్ల మీదా సమంగా నిలబెట్టాను. పటంలోకి ఎక్కించే మనిషిని దిద్దినట్టే దిద్దాను. బొమ్మ పాడయిందని మాస్టారి మొహంలో కనిపించింది.

*

దసరా రోజులు

నొప్పి అప్పటికే ఉంది. వీపు మధ్యలో ఎవరో బొటనవేలితో నొక్కి పట్టినట్టు ఉండేది. పొద్దుగూకుతుంటే జ్వరం వచ్చేది, తెల్లారేసరికి పోయేది. ప్యాంటు జారుతుంటే తాడు కట్టుకున్నాను. సన్నబడ్డావని ఎవరైనా అంటే సంతోషపడేవాణ్ని కూడా. మా అవ్వ, నన్ను కన్నతల్లి, ఇటుక కాచి గుడ్డలో చుట్టి వీపుకు పెట్టేది. గల్లీలో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే కొన్నాళ్లు హాయిగా ఉండేది, మళ్లీ మొదలయ్యేది. ఎవరూ నాకు ద్రోహం చేయలేదు. రంగులు వేసేవాడికి వీపు నొప్పి ఉంటుందని అందరికీ తెలుసు. నాకు అందరికంటే బాగా తెలుసు.

బతుకమ్మ పండుగ నాటి సాయంత్రం ఆటో దిగి ఇంట్లోకి వచ్చాను. గంగామణి గుమ్మంలో పూలు సర్దుతోంది. నా కాళ్లవైపు చూసి, "ఇంకో చెప్పేది?" అంది.

కిందికి చూశాను. కుడి కాలికి చెప్పు ఉంది. ఎడమ కాలు ఉత్తదే. పాదమంతా మట్టి, బొటనవేలి దగ్గర కొద్దిగా నెత్తురు. ఆమె లేచి వెళ్లి, ఆటో స్టాండు దగ్గర బురదలో పడి ఉన్న చెప్పు తెచ్చింది. అంత దూరం నేను ఒట్టి కాలితో నడిచానని నాకు తెలియదు.

నన్ను మంచం మీద కూర్చోబెట్టి, నా ఎడమ పాదాన్ని తన ఒళ్లోకి తీసుకుంది. "గిచ్చుతున్న. తెలుస్తున్నదా?"

"తెలుస్తున్నది" అన్నాను.

ఆమె తలెత్తి నా మొహంలోకి చూసింది. "నేనింకా గిచ్చనే లేదు" అంది.

ఆ రోజు ఆమె బతుకమ్మ ఎత్తుకొని బయటికి పోలేదు. పేర్చిన పూలు అలాగే తాంబాళంలో వాడిపోయాయి. నాకు మొదటిసారి భయం వేసింది.

*

పెద్ద దవాఖాన

నిజామాబాద్‌లో పెద్ద దవాఖాన వరండాలో నాకు బాగా తెలిసింది ఎదురుచూడటం. చీటీ కోసం ఎదురుచూపు, స్కానింగ్ కోసం ఎదురుచూపు, డాక్టరమ్మ రౌండుకు వెళ్లి రావడం కోసం ఎదురుచూపు. బెంచీలు నిండిపోతే నేలే బెంచీ. నాకు అప్పటికి రెండు కాళ్లూ పట్టు తప్పి, నేల మీద కూర్చుంటే లేవడం రాదు కాబట్టి, గంగామణి ఎవరెవరినో బతిమాలి నాకు బెంచీ మీద చోటు ఇప్పించేది. తను నేల మీద నా కాళ్ల దగ్గర కూర్చునేది. అలవాటు కొద్దీ ఒళ్లో చేతులు బీడీ చుడుతున్నట్టే కదిలేవి.

సరిహద్దు అవతల నుంచి వచ్చిన ఒక మరాఠీ ఆవిడ మా పక్కన ఉండేది. ఎవరిని తీసుకొచ్చిందో గుర్తు లేదు. రోజూ జొన్నరొట్టె విప్పి, సగం తుంచి మాటా పలుకూ లేకుండా గంగామణి ఒళ్లో పెట్టేది. వాళ్లిద్దరికీ ఒకరి భాష ఒకరికి సరిగా రాదు. అయినా ఆవిడ కనిపించని రోజున గంగామణి ఏమీ తినలేదు.

కూర్చొని మనుషుల కాళ్లు చూసేవాణ్ని. నేర్చుకున్న పాఠం ఊరుకోనివ్వదు. ఈయన బరువు కుడి కాలి మీద, ఆమె బరువు గోడ మీద, ఆ పిల్లవాడు రెండు కాళ్ల మీదా గెంతుతున్నాడు. నాకు కడుపులోంచి ఏడుపు వచ్చేది. అంతమంది నిలబడగలరు, నేను తప్ప.

చివరికి చిన్న వయసు డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. వెన్నుపూసలో టీబీ. పూసను తినేసింది, చీము నరం మీద ఒత్తుతోంది. పట్నం వెళ్లి ఆపరేషన్ చేయించుకోవాలి. ఆ తర్వాత చాలాకాలం మందులు.

"కాళ్లొస్తయా మేడం?" అని అడిగాను.

"ముందే వచ్చి ఉంటే వస్తాయని చెప్పేదాన్ని" అంది. "ఇప్పుడు చెప్పలేను. ప్రయత్నిద్దాం."

ఆ రోజు నుంచి నాకు లోకంలో ఇంకో ప్రశ్న లేదు. కాళ్లు వస్తాయా, రావా. అన్నం ముందు అదే, పూజ ముందు అదే, కళ్లు తెరిస్తే అదే.

ఊపిరితిత్తుల్లో ఏమీ లేదని, ఎముకలో ఉన్న ఈ రకం పక్కవాళ్లకు అంటదని డాక్టరమ్మ గంగామణికి విడిగా కూర్చోబెట్టి చెప్పింది. ఆమె విని, బుర్ర ఊపి, ఇంటికి వచ్చాక మాత్రం "నరం పట్టేసింది" అనే చెప్పింది అందరికీ. టీబీ అంటే కార్ఖానాలో తన బీడీలు తీసుకోరని ఆమె భయం. భయపడ్డట్టే అయింది. ఎలాగో మాట పొక్కింది. పక్కన కూర్చొని చుట్టే ఆడవాళ్లు ఒక్కొక్కరే చాటలు తీసుకొని ఇంకో ఇంటి ముందుకు మారిపోయారు. ఎవరూ ఏమీ అనలేదు. అంటే గంగామణి పోట్లాడేది.

మా అవ్వది ఇంకో రకం. "సచ్చినోళ్ల మొకాలు గీసుకుంట కూసుంటివి కొడుకా. ఆళ్ల సూపు నీ మీద పడ్డది" అని ఏడ్చింది. నా పెట్టెలో ఇంకా గీయాల్సిన ఫొటోలన్నీ తీసి, ఎవరివి వాళ్లకు ఇచ్చేయమని పక్కింటివాళ్ల చేత పంపించేసింది. గంగామణి అడ్డం పడింది. "గవ్విటి మీదనే గదా ఇన్నొద్దులు తిన్నం, అత్తా" అంది. ఇద్దరూ చాలా రోజులు మాట్లాడుకోలేదు. ఒకే పొయ్యి మీద వంతులవారీగా వండుకున్నారు. నడుమ మంచం మీద నేను. నా రోగం నా వీపులోనే ఉందనుకున్నాను గానీ, అది అప్పటికే ఇల్లంతా పాకింది.

*

చలికాలం, పట్నం

ఆపరేషన్ గురించి రాయడానికి నాకు ఏమీ తెలియదు. మత్తు ఇచ్చారు, మెలకువ వచ్చింది. మెలకువ రాగానే కాళ్లు కదపడానికి చూశాను. కదిలించాననే అనుకున్నాను. దుప్పటి కదల్లేదు.

తర్వాత వారాలన్నీ పైకప్పే. వెల్లకిలా పడుకోవాలి, పక్కకు తిప్పితే ఇద్దరు పట్టుకొని దూలాన్ని దొర్లించినట్టు దొర్లించాలి. పొద్దున పరగడుపున మాత్రలు. వాటితో మూత్రం నారింజ రంగులో వచ్చేది. నా రంగు డబ్బాల్లో ఎప్పుడూ కలపలేని రంగు. గంగామణి ఆ మూత్రపు సంచీ మార్చేటప్పుడు నేను కళ్లు మూసుకునేవాణ్ని. సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది. ఇది మామూలు మాటగా రాయడం లేదు. నిజంగానే అనిపించేది, ఎలా చేయాలో కూడా ఆలోచించాను. మంచం మీద కదల్లేనివాడికి ఆ దారి కూడా ఉండదు.

అలాంటి ఒక రోజు మాస్టారు వర్ని నుంచి బస్సెక్కి వచ్చారు. పండ్లు తేలేదు. అట్టముక్క, కొన్ని కాగితాలు, పెన్సిల్ తెచ్చారు.

"మోస్రా గోడ అలాగే ఉందండీ" అన్నారు. "బడి పిల్లలు మీ మనుషులకి కింద సుద్దతో కాళ్లు గీశారు. వంకరగా ఉన్నాయి గానీ, నిలబడ్డాయి."

నవ్వు వచ్చింది. ఆపరేషన్ తర్వాత అదే మొదటి నవ్వు. కుట్లు లాగి ప్రాణం పోయినంత పనయింది.

ఆ రోజు నుంచి గంగామణి అట్టను నా మొహానికి ఎదురుగా పట్టుకుంటే నేను గీసేవాణ్ని. చేతులు నొప్పి పుట్టి ఆమె చేయి వణికితే నా గీత వణికేది. మంచం మీద నుంచి తల తిప్పితే కనిపించేవాళ్లనే గీసేవాణ్ని. సెలైన్ సీసా మార్చే నర్సమ్మ మునివేళ్ల మీద లేవడం, రోగుల వెంట వచ్చినవాళ్లు గోడకు జారగిలి కునుకు తీయడం. మొహాలు వేయలేదు. వేయాలని కూడా అనిపించలేదు.

పక్క మంచం మారుతిది. మంజీర నది అవతలి ఊరు. చెరుకు కొట్టడానికి బోధన్ వైపు వచ్చి, నింపిన ట్రాక్టరు మీద నుంచి పడ్డాడు. వెన్ను విరిగింది. అతనికి ఇక కాళ్లు రావని డాక్టర్లు చెప్పేశారు. నాకు ఇంకా ఏమీ చెప్పలేదు. ఆ తేడా మా ఇద్దరి మంచాల మధ్య ఎప్పుడూ ఉండేది. అతను నా పాదాల వైపు దొంగచాటుగా చూసేవాడు, అవి కదిలాయా అని. కదలకపోతే అతనికి కొంచెం ఊరటగా ఉండేదేమో. అతన్ని తప్పుపట్టను. అతని జాగాలో ఉంటే నేనూ అలాగే చూసేవాణ్ని.

కొన్నాళ్లు నా కాగితాలు చూసి, ఒక మధ్యాహ్నం అడిగాడు. "సాయిలు భావూ, మలా ఉభా కాఢ్." నన్ను నిలబెట్టి గీయమని.

అతను నిలబడగా నేను ఎప్పుడూ చూడలేదు. గీత పట్టడానికి ఏమీ లేదు. డబ్బాలతో కట్టాను. ఛాతీ, నడుము, దాని కింద రెండు గొట్టాలు, మోకాళ్లు, పిక్కలు, నేల. ఒక చేతిలో కొడవలి పెట్టాను. రెండు కాళ్ల మీదా బరువు సమంగా పంచాను. చక్కగా కుదిరింది. ఎదురుగా లేని మనిషిని నిలబెట్టడం నాకు వచ్చేసిందని లోపల ఎంత గర్వపడ్డానో. మారుతి ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. తలగడ కింద పెట్టుకున్నాడు.

కొన్ని రోజులకు అతన్ని వాళ్ల తమ్ముడు ఇంటికి తీసుకుపోయాడు. పోతూ పోతూ మారుతి నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. ఆ తర్వాత పక్క బట్టలు మార్చడానికి వచ్చిన ఆయమ్మ తలగడ కింద నుంచి ఆ బొమ్మ తీసి, "నీదేనా అన్నా గిది?" అని నాకే ఇచ్చింది.

మరిచిపోయాడని గంగామణి అంటుంది. నేను అనుకోను. చెప్పులు, లోటా, చిరిగిన తువ్వాలు అన్నీ గుర్తుపెట్టుకొని తీసుకుపోయిన మనిషి అతను. ఎందుకు వదిలేశాడో అడుగుదామంటే నా దగ్గర అతని ఊరి పేరు కూడా సరిగా లేదు.

*

ఇల్లు

ఇంటికి వచ్చాక కష్టాలు తగ్గుతాయనుకున్నాను. దవాఖానలో అందరూ పడుకొనే ఉంటారు. ఇంట్లో నేనొక్కణ్నే. బయట గల్లీలో చెప్పుల చప్పుడు వినిపిస్తే కోపం వచ్చేది. ఆ కోపమంతా గంగామణి మీద తీర్చుకునేవాణ్ని. నీళ్లు వేడిగా ఉన్నాయని, చల్లగా ఉన్నాయని, దుప్పటి ముడత పడిందని. ఆమె నన్ను పక్కకు తిప్పేది, లేపి కూర్చోబెట్టేది, దవాఖానలో ఇచ్చిన నడుము బెల్టు బిగించేది, మళ్లీ పడుకోబెట్టేది. మధ్యలో చాట ముందేసుకొని నాలుగు బీడీలు చుట్టేది. కార్ఖానాలో తన పేరు మీద తీసుకోరు కాబట్టి ఇప్పుడు వాళ్ల అక్క పేరు మీద ఇస్తోంది. సాయంత్రాలు గోడవైపు తిరిగి భుజానికి నూనె రాసుకునేది. ఏమైందని నేను అడగలేదు. నాకు నా కాళ్ల గోల తప్ప ఇంకోటి పట్టలేదు.

ఒక రోజు గంజి చిక్కగా ఉందని గిన్నె తోసేశాను. ఆమె నేల తుడిచి, చేతులు కడుక్కొని వచ్చి, నా ఎదురుగా కూర్చుంది.

"నువ్వు పడ్డవ్. అందరు నిన్నే సూస్తున్నరు" అంది. "నేను పడితె లేపేటోళ్లు ఎవరున్నరు, సెప్పు. గందుకే పడుతలేను."

గొంతు పెంచలేదు. మా అవ్వ వాకిట్లో నుంచి వింది. ఆ సాయంత్రం అవ్వ తనే అన్నం కలిపి తెచ్చి కోడలి ముందు పెట్టింది. "తిను బిడ్డా" అంది. అన్ని రోజుల తర్వాత వాళ్ల మధ్య మొదటి మాట అది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

ఉగాదికి కొంచెం ముందు, ఎడమ కాలి బొటనవేలు కదిలింది. నేను చూడలేదు, అవ్వ చూసింది. మళ్లీ కదపమంది. కదల్లేదు. ఇంకోసారి ప్రయత్నిస్తే కదిలింది. అవ్వ ఆ పాదం మీద దుప్పటి కప్పేసింది. పైకి అంటే పోతుందేమోనని అందరికీ భయం.

*

ఎండలు ముదిరాక

నిలబడొచ్చని డాక్టర్లు చెప్పిన వారమే మాస్టారు వచ్చారు. వాకిట్లో వేపచెట్టు నీడకు నా మంచం, దాని పక్కన ఆయనకు కుర్చీ వేసింది అవ్వ. ఆయన అట్టా కాగితం ఒళ్లో పెట్టుకొని కూర్చున్నారు. అవి లేకుండా ఆయన ఎక్కడికీ రారు.

గంగామణి నా ముందు మోకాళ్లు వంచి, నా కుడి చేయి తన మెడ చుట్టూ వేసుకొని, బెల్టు పట్టుకొని ఒక్కసారిగా లేపింది. లేచాను. నేల ఎంతో కిందికి ఉంది. ఇల్లు, గోడ, గేటు అన్నీ నేను ఎప్పుడో మరిచిపోయిన ఎత్తు నుంచి కనిపించాయి. తల తిరిగింది, చెమటలు పట్టాయి. అయినా కూలిపోలేదు. అరికాళ్ల కింద మట్టి వెచ్చగా తగిలింది. ఎడమ దానికి కూడా కొంచెం తగిలింది.

నా ఆనందం నేను పట్టలేకపోయాను. అంతకాలం బస్టాండులో ఆయన నన్ను వేధించిన ప్రశ్నే ఆయనకు వేశాను.

"సార్, సూడున్రి! నిలవడ్డ! సెప్పున్రి, బరువు ఏ కాలి మీదున్నది? ఎడమ దాని మీద గూడ ఉన్నదా?"

మాస్టారు తల దించుకొని గీస్తున్నారు.

నా చంక కింద నుంచి గంగామణి గొంతు వినిపించింది. ఊపిరి ఆడక మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"ఏ కాలి మీద లేదు. నా మీదున్నది. జల్ది కూసో."

కూర్చున్నాను. ఆమె మంచం పట్టె పట్టుకొని వంగి, కాసేపు అలాగే ఉండిపోయింది. కుడి భుజం ఎడమదాని కంటే కిందికి జారి ఉంది. ఏడాది పొడవునా నేను గీసిన వీపు అది. ఎప్పుడు మారిపోయిందో నేను చూడలేదు.

మాస్టారు కాగితం నా చేతికిచ్చారు. ఒకే గీత. నా తల దగ్గర మొదలైంది. నా వీపు దాకా వచ్చి, అక్కడ నా ఒంట్లో నుంచి బయటికి వెళ్లిపోయి, ఆమె మెడ మీదుగా, వంగిన నడుము మీదుగా, ఆమె మడమ దగ్గర నేలకు దిగింది. నా కాళ్లు రెండూ పక్కన వేలాడుతున్నాయి.

బొగ్గు కుర్చీ చేతి మీదే ఉంది, చేయి చాపితే అందేంత దూరంలో. ఈసారి నేను తీసుకోలేదు.